రిప్లై: వెనిస్ డిటెక్టివ్ నవల వంద పేజీలైనా కదలట్లేదు, ఆపేయాలా?

అప్పుడే ఆపేయకండి. వంద పేజీలైనా కేసు కదల్లేదు, హీరో పోలీసు కమిషనర్ బ్రునెట్టి ఎప్పుడు చూసినా భోజనానికి ఇంటికెళ్తున్నాడు అన్నారు కదా, ఆ సిరీస్ రచయిత్రి డోనా లియోన్ రాసేదే అలా అండీ. హంతకుడెవరనే టెన్షన్ కోసం చదివితే నీరసమే. అసలు మజా ఊరిది. వెనిస్‌లో కార్లుండవు కాబట్టి ఛేజింగులూ ఉండవు, కమిషనర్ అయినా సరే నడవాలి, లేదంటే పోలీసు లాంచీయో వాపొరెట్టో అనే పడవ బస్సో ఎక్కాలి, ఆ నడకలోనే ఆలోచిస్తాడు, దార్లో కాఫీ బార్‌లో ఎవరో తగిలి ఓ ముక్క చెప్తారు, కేసు అలా సాగుతుంది. పైగా అక్కడ ఇంటి నంబర్లు వీధిని బట్టి కాదు, పేటని బట్టి (మొత్తం 6 పేటలు), అడ్రస్ పట్టుకోవడమే ఓ ఇన్వెస్టిగేషన్ 😀

ఒక పని చేయండి, ఫోన్‌లో మ్యాప్ తెరిచిపెట్టుకుని చదవండి, రియాల్టో ఎక్కడ, కాస్టెల్లో ఎక్కడ తెలిస్తే చాలు. మీరు సిరీస్ మధ్యలో మొదలెట్టినట్టున్నారు, 1992లో వచ్చిన మొదటిది 'డెత్ ఎట్ లా ఫెనిచె' తీసుకోండి, ఒపేరా జరుగుతుండగా ఇంటర్వెల్‌లోనే శవం దొరుకుతుంది, మీకు కావల్సిన స్పీడు కాస్త ఉంటుంది. భోజనాల సీన్లు మాత్రం స్కిప్ చేయొద్దు, భార్య పావోలాతో వాదనల్లోనే మనిషి అర్థమవుతాడు. అదీ ఎక్కకపోతే ఇక వదిలేయండి, ఇది మీ టేస్ట్ కాదంతే.