నాన్నను మర్చిపొమ్మని మాత్రం చెప్పొద్దన్నా

అన్నా, మీ చెల్లెలు భర్త కొట్టే దెబ్బలు తాళలేక ఏడేళ్ల కొడుకుతో వచ్చేసిందని, వాడు మాట్లాడడం లేదని, రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడని రాసినారు. నాన్న మాటెత్తకుండా మరిపించాలా అని మీ ప్రశ్న. మూడేళ్ల కిందట మా అక్క ఇట్లాగే ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని తిరుపతిలో మా ఇంటికి వచ్చింది.

"చిన్నపిల్లోళ్లు, వాళ్లకేం తెలుస్తుంది" అనింది మా అవ్వ. వాళ్ల మీద చెయ్యి పడలేదు కదా అని నేనూ అనుకున్నా. కానీ పక్క గదిలో దుప్పటి ముసుగేసుకుని అంతా విన్నది వాళ్లే. సందులో బైకు ఆగితే చాలు, చిన్నోడు సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అట్లే బిగుసుకుపోయేవాడు. అది వాళ్ల నాన్న ఇంటికొచ్చే వేళ. మాకు అర్థం కాక తినమని కసిరినాం కూడా. తర్వాత మా ఆయన సందు మొదట్లోనే రెండు హారన్లు కొట్టేవాడు. రెండు కొడితే చిన్నాయన అని లెక్క. వాడు మామూలుగా తినడానికి రెండు నెలలు పట్టింది.

చుట్టాల ముందర "నాన్న ఏం చేసినాడో చెప్పరా" అని ఒకసారి అడిగినా. ఇప్పటికీ సిగ్గేస్తుంది. అడగొద్దు. వాడే చెప్తాడు, మీరు ఏదో పనిలో ఉన్నప్పుడు. నేను గిన్నెలు తోముతుంటే మా చిన్నోడు "నేను హోంవర్కు రాసుంటే అమ్మను కొట్టేవాడు కాదు కదా పిన్నీ" అన్నాడు. నీ తప్పు కాదు నాయినా, కొట్టినోడిదే తప్పు అని ఎన్నిసార్లు చెప్పినానో. ఇంకో రోజు "నాన్న అన్నం తిన్నాడా" అన్నాడు. అక్కకు కోపమొచ్చింది గానీ, భయమూ ప్రేమా రెండూ ఉంటాయి పిల్లోళ్లకు. నోరు మూయిస్తే లోపలే పెట్టుకుంటారు.

బడిలో టీచరుకు నేరుగా చెప్పండి, మీరూ మీ చెల్లెలూ తప్ప ఇంకెవరొచ్చినా పంపొద్దని. వాళ్ల నాన్న పిల్లోణ్ణి లాక్కుపోతాడని భయముంటే 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు తాత్కాలికంగా బిడ్డను తల్లి దగ్గరే ఉంచమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. లాయరు ఖర్చుకు జంకొద్దు, ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు న్యాయసేవల వాళ్లు ఉచితంగా పెడతారు. పిల్లోడికి ఆపద అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మాట్లాడకపోవడం ఇట్లాగే ఉంటే డాక్టరుకు చూపించండి, మనసు బాధలకు సలహా చెప్పే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పక్క సంగతా? రబ్బరు షీటు పరిచి, పొద్దున్నే ఎవరూ లేవకముందే ఉతికేయండి. ఆ దుప్పటి వీధి వైపు మాత్రం ఆరేయొద్దు.