ఏడో నెలలో ఎర్రటి తీగ: సూడి బర్రె ఈసుకుపోతుందా?

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర ఊరు. మా గ్రేడెడ్ ముర్రా బర్రెకు ఏడో నెల సూడి. నిన్నటి నుంచి తోక కింద ఎర్రటి తీగలు (సాగే జిగురు) పడుతున్నాయి. పొదుగు దిగింది. పడుకుంటది, లేస్తది, మేత ముట్టట్లేదు. ఎదకొచ్చిందని కొందరు అంటున్నరు. పోయిన ఏడాది ఇదే కొట్టంలో ఇంకో బర్రె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది (నెలలు నిండకముందే దూడ పడిపోయింది). సూది వేయిస్తే ఆగుతదా?

జవాబు: ముందు పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా మీ మండల పశువైద్యుడిని పిలిపించండి. మిగతాది ఆయన వచ్చేలోపు చదువుకోవచ్చు.

ఇది ఎద కాదు. ఎద తీగ కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా ఉంటుంది, వాసన రాదు. సూడితో ఉండి కూడా ఎద లక్షణాలు చూపే పశువులు కొన్ని ఉంటాయి, నిజమే. అది చూసి మళ్లీ సెమెన్ వేయించి, చేజేతులా సూడి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. సూడి పరీక్ష చేయించకుండా ఆ పని మాత్రం చేయకండి.

సూడి పశువు గర్భసంచి మూతిని చిక్కటి జిగురు బిరడాలా మూసి ఉంచుతుంది. అది కరిగి, రక్తం కలిసి బయటికి వస్తుంటే మూతి తెరుచుకుంటున్నట్టే అనుకోవాలి. తెల్లవారుజామున బర్రె పడుకుని ఉన్నప్పుడు టార్చిలైటు వేసి చూడండి. పడుకున్నప్పుడే తీగ కిందికి జారుతుంది, లేచాక తోకకు, తొడలకు అంటుకుని ఎండిపోతుంది. చాక్లెట్ రంగు, చీము, కుళ్లు వాసన ఉంటే లోపల దూడ చనిపోయి ఉండొచ్చు. తోక మొదలుకు రెండు పక్కలా వేళ్లతో నొక్కండి. తాడులా బిగువుగా ఉండాల్సిన చోట మెత్తబడి గుంటలు పడితే, ఈనే ముందు జరగాల్సింది ఇప్పుడే జరుగుతోందన్నమాట. బర్రెకు సూడి కాలం దాదాపు 310 రోజులు. మీ బర్రెకు ఇంకా మూడు నెలలుంది, పొదుగు ఇప్పుడే దిగడానికి వీల్లేదు. చాలా బర్రెలు ఇన్ని గుర్తులు కూడా చూపవు, పొద్దున లేచి చూస్తే దూడ కింద పడి ఉంటుంది.

సూది సంగతి. డాక్టర్ చెయ్యి పెట్టి చూసి, దూడ బతికే ఉంది, మూతి ఇంకా మూసే ఉంది అంటే సూడి నిలబెట్టే హార్మోన్ సూది వేయొచ్చు. దూడ చనిపోయి ఉంటే అదే సూది దాన్ని లోపలే ఆపి, తల్లి ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి పరీక్ష లేకుండా సూది వద్దు. ఇంకో మాట, జ్వరమని ఎవరైనా డెక్సా (స్టెరాయిడ్ మందు) సూది వేయబోతే గట్టిగా అడ్డుచెప్పండి. చివరి నెలల్లో అది సూడిని పడగొడుతుంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మీ ప్రశ్నలోని ఒక మాట, పోయిన ఏడాది ఇదే కొట్టంలో జరిగిందన్నది. పొడుచుకోవడం, జారిపడటం, బూజు పట్టిన గడ్డి, గట్టి జ్వరం, వీటివల్లా సూడి పోతుంది. కానీ ఒకే కొట్టంలో రెండోసారి, అదీ ఆరో నెల దాటాక అంటే ఈసుకుపోవు వ్యాధిని, అంటే బ్రూసెల్లాను, ముందు అనుమానించాలి. రక్తం తీయించి పరీక్షకు పంపించండి. కొట్టంలో మిగతా పశువుల రక్తం కూడా. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కడితే కట్టుకోండి, పరీక్ష మాత్రం ఆపకండి.

ఈ బర్రెను ఇప్పుడే విడిగా కట్టండి. ఈసుకుపోతే దూడను, మాయను వట్టి చేతులతో ముట్టుకోవద్దు. గ్లోవ్స్ లేకపోతే మందపాటి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోండి. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి, కుక్కలు లాక్కుపోతే జబ్బు ఊరంతా తిరుగుతుంది. తడిసిన గడ్డి కాల్చేసి, నేలను ఫినాయిల్‌తో కడగండి. ఈ జబ్బులో మాయ తరచూ పడదు. దానికి రాయి కట్టడం, గుంజడం చేయకండి, 12 గంటలు దాటితే డాక్టర్‌కే చూపించండి.

కొట్టంలో 4 నుంచి 8 నెలల ఆడ దూడలుంటే బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయిస్తే చాలు. మగ దూడలకు, సూడి పశువులకు వేయకూడదు. ఇకమీదట అంగడిలో బర్రె కొంటే పాలెన్ని అని అడిగినట్టే ఎన్నిసార్లు ఈసుకుపోయిందని కూడా అడగండి, రక్తపరీక్ష అయ్యాకే కొట్టంలో కలపండి.

ఈ జబ్బు మనుషులకూ అంటుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే కొట్టం వైపు రానీయకండి. పాలు పొంగేదాకా కాచే తాగండి. పాలు పిండేవాళ్లకు వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము, కీళ్ల నొప్పులు ఉంటే ఆస్పత్రిలో డాక్టర్‌కు మా బర్రె ఈసుకుపోయిందని ముందే చెప్పండి. చెప్పకపోతే బ్రూసెల్లా పరీక్ష రాయాలని ఆయనకు తట్టకపోవచ్చు.