సర్ఫేస్ అంటే ఉపరితలమే అయితే "న్యూ ఎవిడెన్స్ హ్యాజ్ సర్ఫేస్డ్" ఏంటి?

ఉపరితలం అన్న అర్థం సరైనదే, కాకపోతే అది నామవాచకం వరకే. పేపర్లో మీరు చూసిన వాక్యంలో సర్ఫేస్ క్రియ. నీళ్ల కింద ఉన్న జలాంతర్గామి పైకి తేలితే సర్ఫేస్డ్ అంటారు, మరుగున పడిన సంగతి బయటపడినా అదే మాట, ఈ రెండు చోట్లా కర్మ అక్కర్లేదు. కర్మ చేర్చి "సర్ఫేస్ ద రోడ్" అంటే మాత్రం రోడ్డుకి పైపొర వేయడం. ఈమధ్య ఆఫీసు మెయిళ్లలో సమస్యని బయటపెట్టడం అనే అర్థంలో "సర్ఫేస్ ద ఇష్యూ" అని కూడా రాస్తున్నారు, నాకైతే నచ్చదు గానీ వాడుకలోకి వచ్చేసింది.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. ఇక్కడి బొగ్గు గనుల్లో పనిచేసే మనవాళ్లలో ఇంగ్లిష్ రాని వాళ్లకీ ఈ మాట తెలుసు. "మా బావకు సర్ఫేస్ డ్యూటీ పడింది" అంటే బాయిలోకి దిగే పని లేదు, పైనే పని అని. ఇంట్లో అలా విన్న పిల్లలకి బళ్లో మరాఠీ లెక్కల పుస్తకం సర్ఫేస్ ఏరియాని, అంటే ఉపరితల వైశాల్యాన్ని, పృష్ఠఫళ్ అంటుంది. ట్యూషన్లో అది చెప్పగానే తెలుగు పిల్లలు నవ్వాపుకోలేరు, మనకి పృష్ఠం అంటే వెనక భాగమే కదా! సంస్కృతంలో ఆ మాటకి వీపుతో పాటు పైభాగం అనే అర్థం కూడా ఉంది.

సూపర్‌ఫిషియల్‌తో చుట్టరికం ఉందా అన్నారు, ఉంది. లాటిన్‌లో సూపర్ అంటే పైన, ఫాకియేస్ అంటే ముఖం, రూపం. రెండూ కలిసి సూపర్‌ఫికియేస్. ఫ్రెంచివాళ్లు ఆ మూసలోనే తమ సుర్, ఫాస్ కలిపి మాట చేసుకున్నారు, ఇంగ్లిష్‌కి సర్ఫేస్ అక్కణ్ణుంచి వచ్చింది. పైపైన అనే అర్థమున్న సూపర్‌ఫిషియల్‌లో మాత్రం లాటిన్ రూపం అలాగే కనిపిస్తుంది. రోమన్ చట్టంలో సూపర్‌ఫికియేస్ అంటే నేల మీద కట్టిన కట్టడం కూడా, నేల ఎవరిదో కట్టడం వాళ్లదే అని అక్కడి సూత్రం. పరాయి జాగాలో ఇల్లు కట్టేముందు ఆలోచించుకోవాల్సిందే మరి.

వాడేటప్పుడు "ఆన్ ద సర్ఫేస్" అనండి, ఇన్ కాదు. తలతన్యత సర్ఫేస్ టెన్షనే, విశేషణం కావాలి కదా అని అక్కడ సూపర్‌ఫిషియల్ పెట్టకండి. పలికేటప్పుడు చివర ఫేస్ అని సాగదీయరు, సర్ఫిస్ అంటారు.