బరువు తగ్గడం ఆగిపోతే థైరాయిడ్ మాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఐదు నెలల్లో 84 కిలోల నుంచి 75 కిలోలకు తగ్గాను. కానీ ఏడు వారాలుగా ముల్లు కదలడం లేదు. తిండిని రోజుకు 900 కేలరీలకు తగ్గించాను, గంటసేపు నడుస్తున్నాను, అయినా ఫలితం లేదు. థైరాయిడ్ మందగించి ఉంటుందని తెలిసినవాళ్లు అంటే మా అక్క వాడే మాత్రలు మూడు వారాలు 50 మైక్రోగ్రాములు, తర్వాత రెండు వారాలుగా 100 మైక్రోగ్రాముల చొప్పున వేసుకుంటున్నాను. డైటింగ్ మొదలుపెట్టేముందు చేయించిన రక్త పరీక్షలో, థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ 2.8 ఉంది. మోతాదు ఇంకా పెంచాలా, లేక బరువు తగ్గించే ఇంజెక్షన్ తీసుకోవాలా? జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ కూడా వాడుతున్నాను. అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోంది, నీరసం వల్లేమో. ఈసారి నెలసరి కూడా రెండు వారాలు ఆలస్యమైంది.

జవాబు: మీరు అడిగింది బరువు గురించే అయినా, పనిలో పనిగా అన్నట్లు చివర్లో రాసిన గుండె దడ, నెలసరి ఆలస్యం అనే రెండు విషయాలే నన్ను ఎక్కువగా ఆందోళనకు గురిచేస్తున్నాయి కాబట్టి ముందుగా వాటి గురించే చెబుతాను. మీ అక్కగారి మాత్రలు ఈ రోజు నుంచే ఆపేయండి. మోతాదు పెంచాలా అన్న ప్రశ్నే ఇక్కడ లేదు. (ఇది థైరాయిడ్ లోపం లేకుండా సొంతంగా మాత్రలు వేసుకుంటున్న మీకు మాత్రమే చెబుతున్న మాట. డాక్టర్ రాసిచ్చిన థైరాయిడ్ మాత్రలు వాడుతున్న ఇతర పాఠకులెవరూ ఇది చదివి తమ మందు ఆపకూడదు.)

టీఎస్‌హెచ్ సాధారణ పరిమితి చాలా ల్యాబ్‌లలో సుమారు 0.4 నుంచి 4 వరకు ఉంటుంది. మీది 2.8 అంటే మీ గ్రంథి సక్రమంగానే పనిచేస్తోందని అర్థం. అలాంటి గ్రంథి ఉన్నవారు బయటి నుంచి కొద్దిపాటి హార్మోన్ తీసుకుంటే, మెదడు దాన్ని పసిగట్టి అంత మేరకు సొంత ఉత్పత్తిని తగ్గించేస్తుంది కాబట్టి బరువులో చెప్పుకోదగిన మార్పేమీ రాదు. ఆ సర్దుబాటుకు కూడా అందనంతగా మోతాదు పెంచినప్పుడు కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండరం కూడా. దానికి తోడు గుండె లయ తప్పడం, నిద్ర పట్టకపోవడం, ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారడం వంటివి వస్తాయి. థైరాయిడ్ మాత్రల్లో ఉండే లెవోథైరాక్సిన్ అనే మందును ఊబకాయానికి గానీ బరువు తగ్గడానికి గానీ వాడకూడదని, పెద్ద మోతాదులో ప్రాణాపాయం కూడా కలగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు సమాచార పత్రంలోనే గడి కట్టి మరీ హెచ్చరిక ముద్రింపజేసింది.

ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. ఆ మధ్య నా దగ్గరికి వచ్చిన ఒక నడివయసు వ్యక్తి, ఏ మందులూ వాడటం లేదని రెండుసార్లు చెప్పారు. నాడి పట్టుకుంటే నిమిషానికి 130కి పైగా, అదీ ఒక వరుస లేకుండా కొట్టుకుంటోంది. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం, కనిపించింది. మూడోసారి అడిగితే చొక్కా జేబులోంచి కత్తెరతో కత్తిరించిన మాత్రల షీటు ముక్క ఒకటి తీశారు, దాని మీద మందు పేరులో సగం అక్షరాలే మిగిలాయి. అది ఇంట్లో మరొకరి థైరాయిడ్ మాత్ర. డాక్టర్ రాయలేదు కాబట్టి అది మందుల లెక్కలోకి రాదని ఆయన ఉద్దేశం. మీరు కనీసం దాచకుండా రాశారు, అందుకు సంతోషం. కానీ చదువుకున్నవారు కూడా ఇంట్లో ఒకరికి సరిపడిన మందు మరొకరికీ సరిపడుతుందని ఎలా అనుకుంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

దడ నీరసం వల్లేనని మీరు తీర్మానించుకోవద్దు. అది మాత్రల వల్ల కావచ్చు, రక్తహీనత వల్ల కావచ్చు, మరీ తక్కువ తినడంతో రక్తంలో పొటాషియం వంటి లవణాలు తగ్గడం వల్లా కావచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా వీటిలో ఏది కారణమో ఇక్కడి నుంచి చెప్పలేను. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్నాక మణికట్టు దగ్గర నాడిని నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 100 దాటినా, కొట్టుకునే తీరులో వరుస తప్పినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలిసి ఈసీజీ తీయించుకోవాలి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. లెక్క సరిగ్గా ఉన్నా ఈ వారంలో ఒకసారి చూపించుకోండి. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది కాబట్టి మాత్ర ఆపిన మర్నాడే దడ తగ్గలేదని కంగారు పడనక్కర్లేదు.

ఇక నెలసరి సంగతి. ముందు గర్భ నిర్ధారణ పరీక్ష చేసుకోండి. అధిక బరువు వల్ల అండం సరిగ్గా విడుదల కానివారిలో పది శాతం బరువు తగ్గాక అది మళ్లీ గాడిన పడటం, ఊహించని గర్భం రావడం మేము చూస్తూనే ఉంటాం. మీరు తగ్గింది దాదాపు 11 శాతం. ఫలితం నెగెటివ్ అయితే వారం తర్వాత మరోసారి చూసుకోవాలి. అప్పటికీ నెలసరి రాకపోతే అతిగా కడుపు మాడ్చుకోవడం, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువ కావడం అనే రెండు కారణాలనూ డాక్టర్ పరిశీలిస్తారు. రక్త పరీక్షకు కనీసం రెండు, మూడు రోజుల ముందు బయోటిన్ ఆపేసి, దాన్ని వాడుతున్న విషయం ల్యాబ్‌వారికి కూడా చెప్పండి, లేకపోతే థైరాయిడ్ ఫలితాలు తప్పుగా రావచ్చు. జుట్టు మాటకొస్తే, వేగంగా బరువు తగ్గినవారికి రెండు, మూడు నెలల తర్వాత అలా రాలడం మామూలే. తిండి సరిపడా తింటే చాలామందిలో జుట్టు తిరిగి వస్తుంది.

ఇంజెక్షన్ గురించి అడిగారు. ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక, అంటే మీ బీఎంఐ, ఇప్పుడు సుమారు 30 కాబట్టి దాని గురించి డాక్టర్‌తో మాట్లాడటంలో తప్పు లేదు గానీ, గర్భం లేదని తేలేదాకా ఆ ఆలోచనే వద్దు. కుటుంబంలో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే, మీకు గతంలో క్లోమం వాచి ఉంటే అది కూడా ముందే చెప్పాలి. ఆ ఇంజెక్షన్లు తీసుకునేవారి బరువు కూడా ఏడాది, ఏడాదిన్నర నాటికి ఒకచోట నిలిచిపోతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి.

అలా నిలిచిపోవడం జబ్బు కాదు. తగ్గిన ప్రతి కిలోకూ శరీరం ఖర్చుపెట్టే శక్తి రోజుకు సుమారు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతుందని, ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుందని పరిశోధకుల అంచనా. తొమ్మిది కిలోలు తగ్గిన మీరు 84 కిలోలున్నప్పటి తిండే తింటే, నడకే నడిస్తే ముల్లు ఆగిపోవడంలో వింత లేదు. పైగా 900 కేలరీలే తింటూ ఏడు వారాలు ఒక్క గ్రాము కూడా తగ్గలేదంటే, ఒంట్లో నీరు చేరి కొవ్వు తగ్గుదలను కప్పిపెడుతూ ఉండాలి, లేదా లెక్కలోకి రానిది ఏదో నోట్లోకి వెళుతూ ఉండాలి. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు, వండుతూ రుచి చూసేవి, వంటలో పోసే నూనె, తీపి పానీయాలు ఎవరికైనా లెక్క తప్పుతాయి. ఒక వారం పాటు ప్రతిదీ తూచి రాసి చూడండి.

వైద్య పర్యవేక్షణ లేకుండా 1,200 కేలరీలకంటే తక్కువ తినమని మహిళలకు సాధారణంగా చెప్పం కాబట్టి ముందు ఆ 900ను వదిలేయండి. మాంసకృత్తులు ప్రతి పూటా ఉండేలా చూసుకోండి, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి. గుండె పరీక్షల్లో ఇబ్బంది లేదని తేలాక, నడకకు తోడుగా వారానికి రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టవచ్చు. బరువును వారానికి ఒకసారి, ఒకే వేళకు చూసుకోండి, నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి. ఒక రెండు నెలలు ఈ 75 కిలోలనే నిలబెట్టుకోవడానికి ప్రయత్నించినా నాకు అభ్యంతరం లేదు. చాలామందిలో ఇంత తగ్గితేనే రక్తపోటు, షుగర్ మెరుగుపడతాయి. వాటికి మీరు మందులు వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే పాత మోతాదు ఇప్పుడు ఎక్కువయ్యే అవకాశం ఉంటుంది, అదీ సరిచూపించుకోవాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ పాత రిపోర్టులతో పాటు అక్కగారి మాత్రల షీటు, బయోటిన్ డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. ఏ తేదీ నుంచి ఎంత మోతాదు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళితే మరీ మంచిది. థైరాయిడ్ పరీక్ష ఇప్పుడు ఒకసారి, మాత్రలు ఆపిన ఆరు వారాల తర్వాత మరోసారి అవసరం కావచ్చు.