కణం తనను తాను తింటుందా?

సందేహం: “వైరస్ సోకిన కణం స్వయంభక్షణ చేసుకుని రోగనిరోధక శక్తిని పెంచుతుంది” అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. తనను తాను తినేసే కణం ఇక వైరస్‌తో ఎలా పోరాడుతుంది? ఈ వాక్యం సరైనదేనా?

సమాధానం: సమాసం వరకు ఇబ్బంది లేదు. ‘స్వయం’ చేరిన సమాసాల్లో ఆ మాట ఎక్కువగా కర్తను చెబుతుంది. స్వయంపాకం అంటే తానే వండుకోవడం, స్వయంకృతం అంటే తాను చేసినది. అలాగే స్వయంభక్షణ అంటే కణం తానే తినడం అని చెప్పుకోవచ్చు. ‘ఆత్మభక్షణ’ అంటే మాత్రం, ఆత్మహత్యలో లాగా, తన మీదే చేసుకునే పని అనిపిస్తుంది. అందుకే దాన్ని నేను వాడను. దీని ఇంగ్లీషు పేరునే ఆటోఫజీ అని తెలుగు లిపిలో రాసినా నాకు అభ్యంతరం లేదు. 1963లో క్రిస్టియన్ డి డ్యూవ్ అనే శాస్త్రవేత్త గ్రీకు మాటలతో కట్టిన పేరది.

ఇంతకీ కణం తినేదేమిటి? పాడైన ప్రోటీన్లను, దెబ్బతిన్న మైటోకాండ్రియాను రెండు పొరల సంచిలో చుట్టి, కణంలో జీర్ణం చేసే భాగమైన లైసోజోముకు చేరుస్తుంది. అక్కడి ఎంజైములు వాటిని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలను కణం మళ్లీ వాడుకుంటుంది. చాలాసార్లు అది బతికి బట్టకట్టేది ఈ పని వల్లనే. లోపలికి చొరబడిన వైరస్ భాగాలు కూడా కొన్నిసార్లు ఆ సంచిలో పడతాయి.

అసలు చిక్కు ‘పెంచుతుంది’ అనే క్రియతో. కొన్ని కణాల్లో ఆటోఫజీ వైరస్ ఆర్‌ఎన్‌ఏను, దాన్ని పసిగట్టే టీఎల్‌ఆర్7 అనే గ్రాహకం దగ్గరికి చేరుస్తుంది. దాంతో వైరస్‌పై పోరుకు కణాలను సిద్ధంచేసే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ విడుదలవుతుంది. వైరస్ ప్రోటీన్ ముక్కలు రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల కంటపడేలా కూడా ఆటోఫజీ చేస్తుంది. ఇంతవరకు ‘పెంచుతుంది’ అంటే సరిపోతుంది. కానీ ఆటోఫజీకి అవసరమైన ఏటీజీ5, ఏటీజీ12 ప్రోటీన్ల జంటే కొన్నిచోట్ల ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని తగ్గిస్తుంది. వైరస్‌లూ ఊరుకోవు. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ తయారుచేసే ఒక ప్రోటీన్, ఆటోఫజీ మొదలవడానికి తోడ్పడే బెక్లిన్1 అనే కణ ప్రోటీన్‌ను పట్టుకుని ఆటోఫజీని ఆపుతుంది. డెంగీ వైరస్ అయితే ఆటోఫజీనే వాడుకుని, కణంలోని కొవ్వు బిందువులను కరిగించి, తాను పెరగడానికి శక్తి రాబట్టుకుంటుంది. ఇలా పెంచేదీ తగ్గించేదీ అదే అయినప్పుడు, కొన్నిసార్లు శత్రువుకు కూడా ఉపయోగపడుతున్నప్పుడు, ఒట్టి ‘పెంచుతుంది’ అనడం తప్పు. ‘ప్రభావితం చేస్తుంది’ అనడం తప్పు కాదు గానీ, అందులో పాఠకుడికి దొరికేది తక్కువ.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఉపవాసం చేస్తే ఆటోఫజీ పెరిగి వైరస్‌లు చస్తాయని చెప్పేవాళ్లు ఉన్నారు. ‘పెంచుతుంది’ అనే మాట చదివి, ఇంట్లో జ్వరంతో ఉన్న మనిషిని పస్తు పెడితే నష్టం ఆ మనిషికే. ఆరోగ్యం గురించి రాసేవారు క్రియను ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నేనైతే ఆ వాక్యాన్ని ఇలా రాస్తాను: “వైరస్ సోకిన కణం, తనలో చేరిన వైరస్ భాగాలను కొన్నిసార్లు ఆటోఫజీ ద్వారా ముక్కలు చేస్తుంది, వైరస్‌ను, కణాన్ని బట్టి రోగనిరోధక స్పందన దీనివల్ల పెరగవచ్చు, తగ్గవచ్చు.”