లైనక్స్‌లో భజన రికార్డింగు

ప్రశ్న: లైనక్స్ ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తగిలించి, ‘ఆర్డర్’ (Ardour) అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మా బృందం భజనలు రికార్డు చేస్తున్నాం. మధ్యమధ్య చిటపటలు. బఫర్ (శబ్దాన్ని కాసేపు నిలిపి ఉంచే మెమరీ) పెంచితే హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వినిపిస్తోంది.
– పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు మీ యూజర్‌ను ‘ఆడియో’ గ్రూపులో చేర్చండి. లేకపోతే చాలా డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) రియల్‌టైమ్ ప్రాధాన్యం, అంటే మిగతా పనులకన్నా ఆడియోకి ముందు వంతు, దక్కదు. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి; చాలామంది మరిచేది ఇదే. సీపీయూ గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే సెట్టింగు) ‘పెర్ఫార్మెన్స్’లో ఉంచి, వైఫై ఆపండి.

ఇక ఆలస్యం సంగతి. సెకనుకు 48,000 శాంపిళ్లు (48,000 హెర్ట్జ్), బఫర్ 256 ఫ్రేములు (శాంపిళ్లు), అలాంటి భాగాలు (పీరియడ్లు) 3 అంటే ఆలస్యం 16 మిల్లీసెకన్లు. బఫర్‌ను 64 ఫ్రేములకి దించితే 4 మిల్లీసెకన్లే గానీ, పాత ల్యాప్‌టాప్ తట్టుకోవడం కష్టం. అసలు దించే పనేముంది? ఇంటర్‌ఫేస్‌పై డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే నొక్కండి; గొంతు కంప్యూటర్ చుట్టూ తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి చేరుతుంది. ఆర్డర్ ప్రిఫరెన్సెస్‌లో మానిటరింగ్‌ను ‘ఆడియో హార్డ్‌వేర్’కి మార్చండి, లేదంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. అప్పుడిక బఫర్ 512 పెట్టినా ఇబ్బంది లేదు.