ట్రయంఫ్, విక్టరీ, విన్: మూడింటికీ ‘విజయం’ అని రాస్తే సరిపోతుందా?

కావలి నుంచి వచ్చిన ప్రశ్న ఇది: బడి వార్షిక సంచిక కోసం ఇంగ్లీషు వ్యాసాలు తెలుగు చేస్తుంటే ట్రయంఫ్ అన్న మాట పదేపదే వస్తోంది, అన్నిచోట్లా విజయం అని పెడితే చాలదా అని. చాలదు. కొన్నిచోట్ల వాక్యం చప్పబడుతుంది, కొన్నిచోట్ల ఏకంగా తప్పు సమాచారం వెళ్తుంది. అనువాదాలు దిద్దేటప్పుడు నేను ముందు చూసేది ఒక్కటే: ఆ వాక్యంలో ఓడినవాడు ఉన్నాడా, లేడా?

ఉంటే గెలుపు. అచ్చ తెలుగు మాట, కన్నడం గెలువుకు దగ్గరి చుట్టం. కబడ్డీ, ఎన్నిక, పందెం, కోర్టు కేసు అన్నిటికీ అతుకుతుంది. విక్టరీ, విన్ అని కనబడ్డ చోట సగానికి పైగా గెలుపుతోనే పని జరుగుతుంది. దాన్ని వదిలి ప్రతిచోటా ‘విజయం సాధించారు’ అని రాయడం పత్రికల నుంచి అంటుకున్న అలవాటు. ‘గెలిచారు’ అంటే నాలుగు అక్షరాల్లో తేలిపోతుంది.

ఓడినవాడు లేకపోతే గెలుపు పనికిరాదు. శ్రీహరికోటలో ఎగిరిన రాకెట్ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెడితే ప్రయోగం ‘గెలిచింది’ అనం, విజయవంతమైంది అంటాం. గోడల మీద ‘సభను జయప్రదం చేయండి’ అని రాస్తారు, అక్కడ ఎవరినీ ఓడించే పని లేదు. అంటే మన జయ, విజయ శబ్దాలు ఇంగ్లీషు విక్టరీ పనీ, సక్సెస్ పనీ రెండూ మోస్తున్నాయి. చిక్కంతా ఇక్కడే. ఒకే పేరాలో ఆ రెండు మాటలూ వస్తే, రెండింటికీ విజయం అని పెట్టేస్తే, ప్రచారం బాగా జరిగిందా, ఓట్లు పడ్డాయా అన్నది చదివేవాళ్ళకు తేలదు. సక్సెస్‌ను ‘ఫలించింది’, ‘బాగా జరిగింది’ అనండి, విక్టరీని గెలుపు అనండి, తగువు తీరిపోతుంది. ఏకగ్రీవమైన సర్పంచి కూడా గెలవలేదు, ఎన్నికయ్యారు.

బండలాగుడు పోటీల వార్త మన ప్రకాశం జిల్లాలో ఎవరికైనా రాయాల్సి వస్తుంది కాబట్టి అదీ చెబుతాను. ఒక్కో ఎడ్ల జత విడిగా బరిలోకి దిగుతుంది, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు, చివర్లో దూరాలు పోల్చి బహుమతులు ఇస్తారు. జతలు ఎదురెదురుగా తలపడవు. అందుకని ‘ఫలానా జతను ఓడించి విజయం సాధించింది’ అన్న వాక్యం ఆ పోటీకి అతకదు. ‘మొదటి స్థానంలో నిలిచింది’ అనాలి. బహుమతి మాటకొస్తే ‘గెలుచుకుంది’. వస్తువు చేతికొచ్చినప్పుడు గెలుచుకొను, మనిషినో జట్టునో దాటినప్పుడు గెలుచు.

ఇక ట్రయంఫ్. దీని మూలం లాటిన్ ట్రయంఫస్. పెద్ద యుద్ధం గెలిచొచ్చిన రోము సేనాని నాలుగు గుర్రాల రథమెక్కి, లారెల్ ఆకుల కిరీటంతో, కొల్లసొమ్మునూ బందీలనూ ముందు నడిపిస్తూ కాపిటోలిన్ కొండ మీది జూపిటర్ గుడికి ఊరేగేవాడు. ఆ ఊరేగింపు పేరే ట్రయంఫ్. అందుకే ఆ మాటలో గెలవడం ఒక్కటే లేదు, గెలిచినందుకు పొంగడం, పదిమందీ చూడటం కూడా ఉన్నాయి. పేకాటలో ఇంగ్లీషువాళ్ళ ట్రంప్ ఈ మాట నుంచి పుట్టిందే, మన తురుఫుదీ అదే కుదురు. విక్టరీకి మూలం లాటిన్‌లో జయించు అనే అర్థమున్న క్రియ. విన్‌కు పాత ఇంగ్లీషులో పాటుపడు, పోరాడు అనే అర్థాలుండేవి.

మన దగ్గర దీనికి సరితూగే ఘట్టం ఉదయగిరిది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోట పట్టుకుని, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్ళి 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. కోట పడటం గెలుపు. విగ్రహంతో రాజధాని చేరి గుడి కట్టడం వరకూ కలిపితే ట్రయంఫ్. ఇంగ్లీషు వ్యాసంలో మొదటిదాని గురించే ఉంటే ‘ఉదయగిరిని జయించాడు’ అని రాయండి, రెండోది కూడా ఉంటే ‘విజయోత్సవం’ రావాలి. అద్దంకి దగ్గర దొరికిన తొమ్మిదో శతాబ్దపు పండరంగని శాసనంలోనూ ఈ తూకం కనబడుతుంది. పన్నెండు బోయ కొట్టాలు, అంటే బోయల స్థావరాలు, పట్టిన సంగతి చెబుతూ ‘గొని’ (తీసుకుని) అంటుందే గాని అక్కడ విజయం అనదు. క్యాప్చర్‌కు తెలుగు ఆనాడే సిద్ధంగా ఉంది.

జైత్రయాత్ర విషయంలో చాలామంది పొరబడతారు. అది గెలవడానికి బయల్దేరి వెళ్ళడం. రోమన్ ట్రయంఫ్ గెలిచి తిరిగి రావడం. వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఇంకా ఆడుతున్న జట్టుకు జైత్రయాత్ర చక్కగా కుదురుతుంది. కప్పుతో ఊళ్ళోకి వచ్చే జట్టుది విజయోత్సవ ఊరేగింపు.

ఘనవిజయం అనే మాట దగ్గర ఇంకా జాగ్రత్త. తెలుగు పాఠకుడికి అది భారీ తేడాను సూచిస్తుంది. ఒక్క పరుగుతో గట్టెక్కిన మ్యాచ్‌ను ఇంగ్లీషులో ట్రయంఫ్ అనొచ్చు, దాన్ని ఘనవిజయం అంటే స్కోరు చూసినవాళ్ళు నవ్వుతారు. ‘ఉత్కంఠ పోరులో గెలుపు’ అనండి.

ట్రయంఫ్ క్రియగా వచ్చినప్పుడు విభక్తి చూసుకోండి. ‘పేదరికంపై విజయం సాధించాడు’ అన్నది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు తొడుగు. ‘పేదరికాన్ని జయించాడు’ అంటే తెలుగు. ట్రయంఫంట్ అనే విశేషణానికి నిఘంటువు చూసి ‘విజయగర్వంతో’ అని రాసేస్తారు. గర్వంలో నింద ఉంది, మెచ్చుకునే చోట ‘గెలిచిన ఉత్సాహంతో’ చాలు. ఎదుటివాళ్ళను కించపరిచే పొంగు అయితే మాత్రం ‘విర్రవీగుతూ’ అని నిర్భయంగా రాయండి. ఇంజనీరింగ్ ట్రయంఫ్ అని వంతెన గురించో ఆనకట్ట గురించో అంటే అక్కడ విజయం కన్నా ‘ఇంజనీర్ల ఘనత’ బాగుంటుంది. పిరిక్ విక్టరీ, అంటే గెలిచినవాడికీ భారీ నష్టం మిగిల్చిన గెలుపు, కనబడితే క్రీ.పూ. 279 నాటి పిరస్ రాజు కథంతా అడుగున రాయక్కర్లేదు. ‘ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడు’ అనే సామెత మనకుంది, వ్యాసం ధోరణికి కుదిరితే వాడండి, లేదంటే ‘గెలిచీ ఓడినట్టే’.

పేర్లను ముట్టుకోకండి. ట్రయంఫ్ మోటార్ సైకిల్, ఎస్-400 ట్రయంఫ్ క్షిపణి వ్యవస్థ అలాగే ఉండాలి. కట్టడమైతే విజయతోరణం, విజయస్తంభం అని తెలుగు చేయొచ్చు, మన శాసనాల్లో జయస్తంభం ఎప్పటినుంచో ఉంది.